ప్యారిస్‌లో చల్లటి పక్క

వీధి వైపు కిటికీ తీసుకోవాలా, లోపలి వైపు తీసుకోవాలా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. వీధి వైపైతే ఆ ఇనుప టవరు కనిపిస్తుందంటారు. కనిపిస్తే చూడాలి. చూస్తూ కూర్చుంటే పడుకోవడం కుదరదు. పడుకోవడానికే కదా అంత దూరం వెళ్ళడం. లోపలి వైపైతే ఎవరో ఒకరు బట్టలు ఆరేసుకుంటారు. ఆరేసిన బట్టలు చూస్తే క్యాంపు గుర్తొస్తుంది. క్యాంపు గుర్తు చేసుకోవడానికి క్యాంపు చాలదా, ప్యారిస్ దేనికి?

జ్ఞానదాసు ఆలోచన ఇక్కడిదాకా వచ్చి, రోజూలాగే వెనక్కి మళ్ళి, హోటల్ గది గుమ్మం దగ్గర మళ్ళీ మొదలైంది. తాళంచెవి. తలుపు. కుడిచేతి వైపు స్విచ్చి. నాలుగడుగుల్లో మంచం. మంచం దగ్గరికి రాగానే ఆలోచన చెప్పులు విప్పి నిలబడిపోయేది. ఆపైన ఏం జరుగుతుందో దానికి తెలియదు.

ఇదంతా జరుగుతున్నది అరబ్బు దేశపు రేవు హిద్‌లో, ఉదయం పూట, హాజరు పుస్తకం ముందు, నూట పద్నాలుగు మంది వరసలో నిలబడి ఉండగా. వాళ్ళు ఓడల మరమ్మతు యార్డులో పరంజాలు కట్టి, తుప్పు గీకి, రంగులు వేసే మనుషులు. వాళ్ళు ఎప్పుడొచ్చారో, ఎప్పుడు వెళ్ళారో, మధ్యలో ఏమైనా విరగ్గొట్టుకున్నారో రాయడం టైంకీపర్ జ్ఞానదాసు ఉద్యోగం. బాపట్ల నుంచి వచ్చి ఆరేళ్ళయింది. చక్కని దస్తూరి.

ఎనభై అయిదో సంవత్సరంలో కంపెనీ ఒక ఉదాత్తమైన ప్రకటన చేసింది. వరసగా మూడు వందల అరవై అయిదు రోజులు ఒక్క ప్రమాదమూ జరగని సైటు నుంచి ఒక ఉద్యోగిని ప్యారిస్‌లోని పెద్దాఫీసుకు పిలిపించి, షీల్డు అందజేసి, మూడు రాత్రులు మంచి హోటల్లో ఉంచడం జరుగుతుందని దాని సారాంశం. ప్రమాదాలు జరగకుండా చూసిందెవరన్న విషయంలో మొదట కొంత చర్చ నడిచింది. పరంజా ఎక్కినవాళ్ళా, ఎక్కించినవాళ్ళా? ప్రమాదాలు జరగలేదనడానికి ఉన్న ఏకైక రుజువు రిజిస్టరే కనుక, ఆ రిజిస్టరు రాసిన చేతిని పంపడమే న్యాయమని చివరికి తేల్చారు. చేతితోపాటు జ్ఞానదాసు కూడా వెళ్ళవచ్చు.

ఆ చెయ్యి నిజంగానే గొప్పది. ఆ ఏడాది యార్డులో ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. ముత్తన్న వేలు తెగిన మాట నిజమే కానీ, అది క్యాంపులో, సొంత టైములో, ఉల్లిపాయలు తరుగుతుండగా తెగింది. ఉల్లిపాయలకు గ్రైండింగ్ మెషిను వాడటం అతని వ్యక్తిగత అభిరుచి. గంగన్న కంట్లో నిప్పురవ్వ పడింది బాత్రూంలో. మరో ఇద్దరికి భుజాలు జారాయి, ఒకరికి పక్కటెముక విరిగింది, అన్నీ బాత్రూంలోనే. ఈ వివరాలను శ్రద్ధగా చదివిన సేఫ్టీ ఆఫీసరు భీమేశ్వరరావు గారు, యార్డులోకన్నా క్యాంపు బాత్రూంలోనే ప్రాణాపాయం ఎక్కువని గ్రహించి, దాని తలుపు మీద ‘హెల్మెట్ లేనిదే ప్రవేశం లేదు’ అని బోర్డు పెట్టించారు. నాటి నుంచి క్యాంపు జనం హెల్మెట్లు పెట్టుకుని స్నానం చేస్తున్నారు. తలంటుకునేవాళ్ళకు శుక్రవారం గంటసేపు మినహాయింపు.

జ్ఞానదాసుకు టవరు మీదగాని, షీల్డు మీదగాని మోజు లేదు. అతనికి కావలసింది చల్లటి పక్క. క్యాంపులో మంచానికి ఇద్దరు. పగటి డ్యూటీవాడు లేస్తే రాత్రి డ్యూటీవాడు పడుకుంటాడు. ఆరేళ్ళుగా అతనూ, రాత్రి వాచ్‌మన్ బాలన్నా ఒకే పరుపు మీద బతుకుతున్నారు. సాయంత్రం జ్ఞానదాసు వచ్చేసరికి పరుపు బాలన్న ఒంటి వేడితో, బాలన్న బీడీ వాసనతో, బాలన్న ఆకారంలో సిద్ధంగా ఉంటుంది. ఆ గుంటలో పడుకుని పడుకుని, తనకొచ్చే కలలు తనవేనా, బాలన్న సగం కని వదిలేసినవా అని అతనికి అనుమానం పట్టుకుంది. కలలో బాపట్ల సముద్రం రావలసిన చోట బాలన్న భార్య కనకవ్వ వచ్చి, ‘బర్రెకు కుడితి పెట్టినవా?’ అని నిలదీసేది. లేదని చెబితే ఊరుకునేది కాదు. జీవితంలో మూడు రాత్రులు, ఇంకొకరు వెచ్చబెట్టని దుప్పట్లోకి కాళ్ళు చాపాలి. ఆ చల్లదనం అరికాళ్ళకు తగిలే ఒక్క క్షణం కోసం ఏడాదిగా అతను మనుషుల్ని బాత్రూంలో పడేస్తూ వచ్చాడు.

అయితే ఒక మనిషి ప్యారిస్ వెళ్ళడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. ఒక శుక్రవారం క్యాంపులో ‘హోటల్ బస సన్నాహక సంఘం’ ఏర్పడింది. బాలన్న అధ్యక్షుడు. పరాయిచోట బస చేసే విషయంలో సభ్యులంతా తలపండినవాళ్ళే.

“మంచం పగటిదా, రాత్రిదా, ముందుగాల గది అడుగు దాసన్నా,” అన్నాడు బాలన్న. “పగటి మంచమిచ్చిండ్రనుకో, రాత్రంత బయట కూసోని సావాలె.”

“నీళ్ళ ట్యాంకరు ఏ రోజు వస్తదో అడుగు,” అన్నాడు ముత్తన్న, తెగిన వేలితోనే చూపిస్తూ. “బకీటు వాళ్ళిస్తరా, మనమే తీస్కవోవాల్నా?”

“కూరల కొబ్బరి ఏస్తరేమో కనుక్కో. నాకు పడది,” అన్నాడు గంగన్న.

“పోయేది ఆయనరా, నువ్వు గాదు!” అన్నాడు బాలన్న.

“ఎవలు పోయినా కూర కూరే గదనే!”

ఇలా తొమ్మిది ప్రశ్నలు తేలాయి. జ్ఞానదాసు వాటిని మంచి ఇంగ్లీషులో రాశాడు. ఆఫీసు వాళ్ళు హోటలుకు టెలెక్సు కొట్టారు. పది రోజులకు ప్యారిస్ నుంచి జవాబు వచ్చింది: మంచం ఇరవై నాలుగు గంటలూ అయ్యగారిదే, మిగిలిన ఎనిమిది ప్రశ్నలూ మాకు బోధపడలేదు.

సంఘం ఆ జవాబును రెండోసారి చదివించుకుంది.

“ఇరవై నాలుగు గంటలా?” అన్నాడు బాలన్న. “పగలు నువ్వు టవరు సూడవోతవు. మంచం ఏం జేస్తది మరి?”

“అదే పండుకుంటదేమోనే!” అన్నాడు గంగన్న.

ఒక మంచం పగలంతా ఊరికే పడి ఉండటం సభ్యుల మనస్సాక్షిని కలచివేసింది. అంత దుబారా చేసే దేశం ఎలా నిలబడిందా అని ఆశ్చర్యపోయారు. చివరికి ఏకగ్రీవంగా తీర్మానించి రెండో టెలెక్సు ఇప్పించారు: పగటిపూట సదరు మంచాన్ని ప్యారిస్ నగరంలో రాత్రి డ్యూటీ చేసే ఏ సోదరుడికైనా ఇవ్వవచ్చు, మాకు అభ్యంతరం లేదు, లేచేటప్పుడు దుప్పటి దులిపితే చాలు. దీనికి హోటలు జవాబివ్వలేదు. మౌనం అర్ధాంగీకారం కనుక సంఘం సంతోషించింది.

జ్ఞానదాసుకు మాత్రం ఆనాటి నుంచి శాంతి లేదు. ఊహలో గది తలుపు తీసేసరికి ఎవరో ప్యారిస్ వాచ్‌మన్, చుట్ట వాసనవాడు, అప్పుడే లేచి దుప్పటి దులుపుతూ కనిపించేవాడు. వాడి భార్య కూడా కలలోకి వస్తుందా? ఏ భాషలో నిలదీస్తుంది? అక్కడ కుడితి ఉంటుందా?

మనామా పట్నంలో శుక్రవారం జరిగే తెలుగు సహవాసంలో కూడా ఈ బస గురించి ప్రత్యేక ప్రార్థన చేశారు. ప్రార్థన అయ్యాక, అరబ్బుల ఇంట్లో వంటచేసే సువార్తమ్మ అతన్ని పక్కకు పిలిచింది.

“బాబూ, ఆ హోటల్లో రోజుకో సబ్బు ఇస్తారంట కదా. మూడు రోజులూ ఒళ్ళు రుద్దుకోకుండా ఓర్చుకో నాయనా, మూడు సబ్బులు మిగుల్తాయి. ఒకటి నాకు.”

అప్పటికే ఆ మూడు సబ్బులు పదకొండు మందికి వాగ్దానం అయి ఉన్నాయి. జ్ఞానదాసు సువార్తమ్మకూ సరేనన్నాడు.

మూడు వందల అరవై ఒకటో రోజు, సోమవారం, ఉదయం పదీ ఇరవైకి అతను ప్యారిస్ గది తలుపు తీశాడు. కుడిచేతి వైపు స్విచ్చి. నాలుగడుగులు. బియ్యం బస్తా జారిపడ్డట్టు ఒక చప్పుడు. ఎప్పుడూ మంచం ముందు నిలబడిపోయే ఆలోచన, ఉలిక్కిపడి, మొదటిసారిగా మంచం మీద కూర్చుంది. పక్క చల్లగా ఉంది. అతను తల తిప్పి చూసేసరికి ఓడ పక్కన పరంజా మూడో వరసలో ఒక పలక ఊడి వేలాడుతోంది. కింద జగిత్యాల పోశన్న పడి ఉన్నాడు. కాలు విరిగింది.

సాయంత్రానికల్లా భీమేశ్వరరావు గారు సభ చేశారు.

“మిత్రులారా! పోశన్న పడ్డాడని కొందరు అంటున్నారు. ఆ మాట తప్పు. పోశన్న దిగాడు! మెట్ల మీదుగా దిగవలసినవాడు మెట్లను ఉపేక్షించి దిగాడు. ఒక కార్మికుడి ఉత్సాహాన్ని ప్రమాదమని పిలిచి మనం అవమానించకూడదు. పైగా, దిగిన తర్వాత ఆయన పని చేయలేదు, పడుకునే ఉన్నారు. పని చేయని టైము ఎవరి టైమండీ? సొంత టైము! సొంత టైములో మనిషి ఎక్కడుంటాడు? అది మన రిజిస్టరే ఏడాదిగా చెబుతోంది. దాసు గారూ, నేను కొత్తగా చెప్పేదేముంది!”

జనం చప్పట్లు కొట్టారు. కొట్టినవాళ్ళకు ఓవర్‌టైం ఇచ్చే ఆనవాయితీ ఉంది.

కంపెనీ నియమాలు చాలా స్పష్టంగా ఉంటాయి. డ్యూటీలో కాలు విరిగితే, అది నయమయ్యేదాకా వైద్యం చేయించి, మనిషిని పనిలోనే ఉంచుకోవాలి. సొంత టైములో విరిగితే ఆ కాలు సొంతం. దాన్ని తీసుకుని శాశ్వతంగా ఇంటికి వెళ్ళిపోవచ్చు. పోశన్నకు శనివారం విమానం ఖాయమైంది. తల్లి పోయినప్పుడు గంగన్న అడిగితే మూడు వారాలకు బయటికొచ్చిన పాస్‌పోర్టు, పోశన్నకైతే వీసా ఇచ్చిన కఫీల్ బీరువాలోంచి మర్నాడు మధ్యాహ్నం భోజనంలోపే వచ్చేసింది. మానవత్వం అంత వేగంగా నడవగలదని క్యాంపులో అంతవరకు ఎవరికీ తెలియదు.

కట్టు కట్టించుకుని వచ్చిన పోశన్న, దుప్పటి కప్పుకుని, తన మంచం మీది నుంచే సంఘం సమావేశాల్లో పాల్గొన్నాడు. నిజానికి అందరికన్నా ఉత్సాహం అతనిదే.

“బాత్రూంల పడ్డనని రాయి దాసన్నా, నాకేం పోతది? కాలు ఎట్లైన ఇరిగింది. నువ్వన్న పోయి రా.”

“ఇంటికెళ్ళి ఏం చేస్తావు పోశన్నా?” అన్నాడు జ్ఞానదాసు.

“ఏం జేస్త. పరంజ కట్టుడొక్కటే వచ్చు. ఒంటికాలు మీద కడితె సర్కసైతది గని పరంజ గాదు.”

అందరూ పగలబడి నవ్వారు. పోశన్న కూడా నవ్వాడు. అందరి నవ్వూ ఆగిపోయాక కూడా, ఎలా ఆపాలో తెలియనట్టు, ఇంకాసేపు నవ్వాడు.

“గది మాత్రం వీధి దిక్కు తీస్కో అన్నా,” అన్నాడు తర్వాత. “మాకు చెప్పనీకి ఏమన్న ఉంటది.”

గురువారం మధ్యాహ్నం నాలుగింటికి క్యాంపుకు ఆఫీసు కారు వచ్చింది. ప్రమాద నివేదిక ఫారం పూర్తి చేసి ఇస్తే, దానితోపాటు ప్యారిస్ కాగితాలు కూడా అదే కారులో వెళతాయి. జ్ఞానదాసు పేరు గడిలో పోశన్న పేరు రాశాడు. తరువాతి గడి: జరిగిన స్థలం. అక్కడికి రాగానే అతని బుర్ర ఎంతో మర్యాదగా, వీధి వైపు కిటికీ సంగతి ఏం చేశారని అడిగింది. మూడు రోజులుగా అది ఇదే పని చేస్తోంది. పోశన్న పడ్డ చప్పుడు వినిపించబోయే ప్రతిసారీ, వెయిటరులా అడ్డం వచ్చి, హోటల్ గురించి ఏదో ఒకటి వడ్డిస్తోంది. తన బుర్రకు ఇంత సేవాభావం ఉందని అతనికి ఇన్నాళ్ళూ తెలియదు.

పక్కన బాలన్న అప్పుడే లేచి మొహం తుడుచుకుంటున్నాడు.

“బాలన్నా, ఏం రాయమంటావు?”

“నన్నడుగుతవేంది? రాసేది నువ్వు.” బాలన్న బీడీ ముట్టించాడు. “నువ్వు రాసి పండుకుంటవు. తెల్లారి అదే పక్కల నేను పండుకోవాలె.”

బయట భీమేశ్వరరావు గారు హారన్ కొట్టించారు. “యల్లా, దాసు గారూ! ఒక్క మాటేనండీ రాయాల్సింది! చెయ్యి అలవాటైనదే!”

జ్ఞానదాసు ఆ గడిని అలాగే వదిలేసి ఫారంలో కింది గడికి దిగాడు. దెబ్బ తగిలిన భాగం: ఏ కాలు? కుడిదా, ఎడమదా?

పెన్ను ఆగిపోయింది. అతనికి తెలియదు. మూడు రోజులుగా పోశన్న మంచం పక్కనే కూర్చున్నాడు. టవరు ఎత్తు గురించి, సబ్బుల పంపకం గురించి, దుప్పటి మడతల గురించి మాట్లాడాడు. ఏ కాలో చూడలేదు.

పాఠకులు అతన్ని చూసి నవ్వనక్కర్లేదు. పోశన్న పడి చాలాసేపయింది. గది వీధి వైపు దొరుకుతుందా, పక్క చల్లగా ఉంటుందా, ఇంతకీ మనవాడు ప్యారిస్ వెళ్తాడా లేదా అని మీరు ఆత్రపడుతూనే ఉన్నారు. ఏ కాలు విరిగిందని మీలో ఒక్కరైనా అడిగారా?

హారన్ మళ్ళీ మోగింది. జ్ఞానదాసు ఫారం పట్టుకుని లేచి, పోశన్న గదికి వెళ్ళాడు. పోశన్న నిద్రపోతున్నాడు. జ్ఞానదాసు వంగి, దుప్పటి అంచు పట్టుకుని పైకెత్తి చూశాడు. ఎడమ కాలు. ఆ మాటను మంచం పట్టె మీదే ఫారం ఆనించి రాశాడు. తరువాత, పైన వదిలేసిన గడిలోకి వెళ్ళి, ‘పరంజా, మూడో వరస’ అని రాశాడు.