దీవెనమ్మ గారి స్నానాల గది గడియ

మానవుడు ముందు తలుపును కనిపెట్టి, ఆ తరువాత తీరిగ్గా గడియను కనిపెట్టి ఉంటాడు. ఆ రెంటికీ మధ్య ఎంతకాలం పట్టి ఉంటుందన్న ప్రశ్నకు, విశాఖపట్నంలో డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ కనిపించే ఒకానొక స్టాఫ్ కాలనీలో, నిర్వహణ విభాగం వారు డెబ్బైల చివర్లో సోదాహరణంగా జవాబు చెప్పారు. (సంస్థ పేరు రాయను. రాస్తే వారు ఖండన రాయాలి. వారికి అంత పని పెట్టడం నాకిష్టం లేదు.)

ఆ కాలనీలో రత్నరాజు అనే టైమ్ ఆఫీసు గుమాస్తాకి ఒక క్వార్టరు ఇచ్చారు. రెండు గదులు, వంటిల్లు, స్నానాల గది. అందులో ఆయన, ఆయన భార్య దీవెనమ్మ, ఇద్దరు పిల్లలు ఉండేవారు. సముద్రపు గాలి ఇనుమును తినేస్తుందని మన ఊళ్ళో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఒకనాటి సాయంత్రం స్నానాల గది గడియ దీవెనమ్మ చేతిలోకి ఊడి వచ్చింది.

ఇది చిన్న విషయమని అనుకునేవారు ఎన్నడూ గృహిణిగా పనిచేసి ఉండరు. దీవెనమ్మ తెల్లవారకముందు లేచి అందరూ పడుకున్నాక పడుకునేది. ఈ మధ్యలో ఆమెను ఎవరూ పిలవకుండా ఉండే సమయం సాయంత్రం స్నానానికి వెళ్ళిన ఆ కాసేపే. వేడి నీళ్ళు, సబ్బు వాసన, రేవులో ఓడ కూత, అడ్డంగా ఒక గడియ. ప్రభువు ఏడో రోజున విశ్రమించాడు కదా, దీవెనమ్మ రోజుకు పావుగంట విశ్రమించేది. అంతకన్నా ఎక్కువ ఆమె అడగలేదు.

గడియ పోయాక ఇంట్లో తాత్కాలిక ఏర్పాటు ఒకటి జరిగింది. లోపల ఉన్నవారు గట్టిగా పాడాలి. పాట వినిపిస్తే ఎవరూ తలుపు తోయకూడదు. పిల్లలు సంతోషంగా పాడారు. రత్నరాజుకు ఒక్క కీర్తనే వచ్చు, అదీ పల్లవి వరకే. ఆయన స్నానం కూడా పల్లవితోనే ముగిసేది. దీవెనమ్మ పాడితే మాత్రం ఆమె ఎక్కడుందో అందరికీ తెలిసిపోయేది.

"అమ్మా, అన్న కొడతన్నాడు!"

"దీవెనా, పంచదార ఎక్కడెట్టావ్?"

ఆమె చరణం మధ్యలో ఆపి, "గూట్లో ఉంది, సూడండి" అని, మళ్ళీ అందుకునేది.

"బజార్లో ఓ గడియ కొని మనవే బిగించుకుందావండీ" అందామె ఒకరోజు.

"ఏటి మాటలు! కంపెనీ తలుపుకి మనం మేకు కొట్టకూడదు. రూలు" అన్నాడు రత్నరాజు. ఆయన ఇతరుల రాకపోకలు లెక్కపెట్టే ఉద్యోగి. రూలు అన్న మాట ఆయన నోట్లో బెల్లం ముక్కలా కరిగేది.

కనుక ఫిర్యాదు చేశారు. నిర్వహణ విభాగంలో చెక్క వస్తువులు ఒక శాఖవి, ఇనుప వస్తువులు మరో శాఖవి. గడియ ఇనుముది. అయితే అది బిగించేది చెక్కకు. ఇనుప శాఖ వారు చెక్కను ముట్టుకోరు, చెక్క శాఖ వారు ఇనుమును గుర్తించరు. మరమేకు సగం ఇటు, సగం అటు ఉండటం వల్ల దాన్ని గురించి పైవారిని స్పష్టత కోరారు. (పైవారు దాన్ని ఇంకా పరిశీలిస్తున్నారని విన్నాను.)

కొన్ని నెలలకు వర్క్స్ ఇన్‌స్పెక్టరు భీమశంకరరావు తనిఖీకి వచ్చాడు. సన్నగా, ఎత్తుగా, ఎవరు ఏం చెప్పినా ముందుగానే విచారం తెలుపుతున్నట్టుండే మనిషి. స్నానాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. లోపల ఎవరో ఉన్నారని తెలియని చిన్నపిల్ల తలుపు తోసింది. ఆయన బయటికి వచ్చి కాగితం మీద రాసుకున్నాడు: 'తలుపు బాగుగా తెరుచుకొనుచున్నది.'

"మూసుకోటం లేదు బాబూ" అంది దీవెనమ్మ.

"మూసుకోవడం విడిగా చూడాలమ్మా. అది వేరే ఫిర్యాదు" అని ఆయన విచారం తెలిపి వెళ్ళిపోయాడు.

ఆ మరుసటి వారం దీవెనమ్మే స్వయంగా నిర్వహణ విభాగం ఆఫీసుకు వెళ్ళింది. ఇన్‌స్పెక్టరు సీట్లో లేడు. వరండాలో బల్ల మీద కూర్చోమన్నారు. కూర్చుంది. పైన ఫ్యాను తిరుగుతోంది. ఎదుట వేపచెట్టు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కూడా గిన్నెలూ బట్టలూ బియ్యంలో రాళ్ళూ ఆమెను పిలుస్తూనే ఉండేవి. ఇక్కడ ఆమెను పిలిచేవారు లేరు. ఫిర్యాదుదారుల్ని పిలవకపోవడమే ఆ ఆఫీసు ప్రధాన విధి. ఆమె మధ్యాహ్నం దాకా కూర్చుని, తేలికపడ్డ మనసుతో ఇంటికి వచ్చింది. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది.

నిర్వహణ విభాగానికి అరిచేవారు అలవాటే. ఏడ్చేవారూ అలవాటే. చిరునవ్వుతో కూర్చునే ఫిర్యాదుదారు ఎన్నడూ తగల్లేదు. భీమశంకరరావుకు ఫైళ్ళ మీద దృష్టి నిలవడం మానేసింది.

"ఏమ్మా, నన్నేమీ అడగరేం?" అన్నాడు చివరికి, బయటికి వచ్చి.

"తొందర్లేదు బాబూ. మీ పని మీరు సూసుకోండి."

"ఎవరికైనా ఉత్తరం రాశారా? ఎవరైనా పంపారా మిమ్మల్ని?"

"అబ్బే. ఇక్కడ బాగుంది."

ఆ జవాబుతో ఆయన మధ్యాహ్నం భోజనం సగంలో వదిలేశాడని అంటారు. 'ఫిర్యాదుదారు అనుమానాస్పదమగు ప్రశాంతతతో ఉన్నందున' గడియ మంజూరైంది. అప్పలసూరి అనే వడ్రంగి వచ్చి, తన శాఖది కాని ఇనుమును, ఎవరిదీ కాని మరమేకులతో బిగించి, రెండుసార్లు లాగి చూపించాడు.

"గట్టిగుందమ్మా. ఏనుగొచ్చి తోసినా రాదు."

ఆ సాయంత్రం దీవెనమ్మ నీళ్ళు కాచుకుని లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది. పాడలేదు. పావుగంట అయింది. అరగంట అయింది. పొయ్యి మీద పాలు పొంగి పోయాయి. పెద్దవాడు చిన్నదాని జడ లాగాడు. రత్నరాజు టీ పెట్టబోయి ఉప్పు వేశాడు.

"దీవెనా! ఏటి సేత్తన్నావ్ లోపల?"

"ఏటీ సెయ్యట్లేదండీ."

"మరెందుకింతసేపు?"

"అదే సేత్తన్నాను" అంది లోపలి నుంచి, శాంతంగా.

గంట తరువాత ఆమె బయటికి వచ్చింది. ముఖం పెళ్ళినాటి ఫోటోలో ఉన్నట్టుంది. పాలగిన్నె చూసింది, పిల్లను దగ్గరికి తీసుకుని జడ వేసింది, ఎవరినీ ఏమీ అనలేదు. మర్నాడు కూడా గంట. ఆ తరువాత అదే పద్ధతి. రత్నరాజు చెడ్డవాడు కాడు. భార్యను పల్లెత్తు మాట అనలేదు. అయితే తన ఇంట్లో తనకు తెలియనిదేదో తలుపుకు అవతల జరుగుతోందని, అది తాను లేకుండానే చక్కగా జరుగుతోందని ఆయనకు నిద్ర పట్టలేదు. ఆఫీసులో కూర్చుని, 'పిల్లలు లోపల చిక్కుబడు ప్రమాదం కలదు కనుక సదరు గడియ తొలగించవలసిందిగా' అర్జీ రాశాడు.

అర్జీ పొద్దున అందింది. సాయంత్రానికల్లా అప్పలసూరి వచ్చాడు. బిగించడం నిర్వహణ కిందికి వస్తుంది, తీసెయ్యడం భద్రత కిందికి వస్తుంది. భద్రత విషయంలో ఆ సంస్థ ఆలస్యాన్ని సహించదు.

దీవెనమ్మ వంటింట్లోంచి వచ్చి చూస్తూ నిలబడింది. అప్పలసూరి మరమేకులు విప్పుతూ ఆమె వైపు తలెత్తలేకపోయాడు.

"నచ్చలేదేటమ్మా?"

"నచ్చింది నాయనా. అదే వచ్చిన గొడవ."

రత్నరాజు కిటికీ దగ్గర నిలబడి లైట్‌హౌస్ కేసి, దాన్ని కొత్తగా కట్టినట్టు, శ్రద్ధగా చూశాడు.

పని పూర్తయింది. తలుపుకు నాలుగు కన్నాలు మిగిలాయి. అప్పలసూరి జేబులోంచి ఒక కాగితం తీశాడు. 'పని సంతృప్తికరముగా జరిగినది' అని అచ్చు వేసి ఉంది. దీవెనమ్మ చెయ్యి తుడుచుకుని, కలం అందుకుంది.

"మీరు కాదమ్మా" అన్నాడతను నెమ్మదిగా. "క్వార్టరు బాబుగారి పేరు మీదుంది."

నిబంధన స్పష్టంగానే ఉంది. ఒక క్వార్టరుకు ఒక్కరే సంతృప్తి చెందవలెను.