జగన్నాధంగారి కుడిచేతి కట్టు

శ్రీకూర్మనాథా! పాలకడలిని చిలికేనాడు మందరగిరిని వీపున మోసి, అమృతం పంచేవేళ వరుసలో నిలబడి వాటా అడగని దైవమా! ఆపద పసిగట్టగానే తలనూ కాళ్లనూ లోపలికి ముడుచుకొనే విద్యను లోకానికి నేర్పిన ఆదిగురూ! ఇంద్రియాలను అలా ముడుచుకొమ్మని పెద్దలు మాకు బోధించారు. అంతదూరం వెళ్లే ఓపిక లేక, బిల్లు కనబడినప్పుడు కుడిచేతిని మాత్రం ముడుచుకొంటున్నాము. ఈపాటి సాధనకే ప్రసన్నుడవై, ఈ కథ నిర్విఘ్నంగా సాగేటట్టు అనుగ్రహించు.

కోటబొమ్మాళి పురప్రముఖులు, భూస్వామి, ధర్మకర్త, ప్రతి సభకూ శాశ్వతాధ్యక్షులు అయిన శ్రీ పొట్నూరు జగన్నాధంగారు ఒక శ్రావణ శుక్రవారంనాడు తమ నూతన రైసుమిల్లును ప్రారంభించారు. కొబ్బరికాయ కొట్టారు. ఆయిలింజను ఉరిమింది. బెల్టు తిరిగింది. జగన్నాధంగారు దాని పక్కనే నిలబడి ఉపన్యసించారు.

"మహాజనులారా! ఈ యంత్రము ప్రమాదకరమని గిట్టనివారు కొందరు ప్రచారము చేయుచున్నారు. ఈ యంత్రము గోవువంటిది. పసిబిడ్డ చేయి పెట్టినను ఏమియు చేయదు. ఇదిగో, నేను పెట్టుచున్నాను. చూడుడు!"

పెట్టారు. సభికులు చూశారు. ఆయన ఒక మాట చెప్పి వెంటనే దానిని ఆచరించడం ఊరివారు చూడటం అదే మొదలు.

యంత్రం గోవే. అయితే పొడిచే గోవు. జగన్నాధంగారి కేకను మంగళవాక్యమనుకొని సన్నాయివారు అదే శ్రుతిలో అందుకొన్నారు. ఫొటో తీసే ఆయన "కదలకండి బాబూ, ఒక్క నిమిషం" అన్నాడు. ఆ ఫొటో నేటికీ మిల్లు కార్యాలయంలో ఉంది. అందులో జగన్నాధంగారి ముఖాన కనిపించే భావం దేశభక్తి అని చూసినవారు అంటారు.

స్టేషను రోడ్డులో రెండు గదుల వైద్యశాల ఉంది. డాక్టరు జ్ఞానానందంగారు, ఆయనకు సాయంగా నర్సు ఏసమ్మ. చుట్టుపక్కల పల్లెలకు ప్రసవమైనా, పాముకాటైనా, వేరే దిక్కు కావాలంటే శ్రీకాకుళం దాకా పోవాలి. జగన్నాధంగారిని అక్కడికి మోసుకువచ్చారు. అరచేయి చీలింది, రెండు వేళ్ల ఎముకలు విరిగాయి. ఆయన డాక్టరుగారి చొక్కా పట్టుకొని ఏడ్చారు.

"డాక్టరు బాబూ, ఈ సెయ్యి బతికించండి. నా ఆస్తిలో సగం రాసిచ్చేస్తాను!"

డాక్టరుగారు కుట్లు వేశారు, వేళ్లకు బద్దలు కట్టారు, ఖరీదైన సూదిమందులను శ్రీకాకుళం మందుల షాపునుంచి తమ పూచీమీద అరువు తెప్పించారు. ఏసమ్మ పూటపూటా కట్టు మార్చింది. చేయి బతికింది. అటుపిమ్మట డాక్టరుగారు ఒక పెద్ద అపచారం చేశారు. సగం ఆస్తి అడగక, బిల్లు అడిగారు. సగం ఆస్తి అడిగి ఉంటే జగన్నాధంగారు హాయిగా నవ్వి ఊరుకొనేవారు. బిల్లు అనేసరికి ఆలోచించవలసి వచ్చింది.

ఈలోగా ఆ కట్టుకు పురవాసులు సన్మానం చేశారు. "పూర్వులు శరణన్న పావురంకోసం తొడ కోసి ఇచ్చారు. మనవారు పరిశ్రమాభివృద్ధికై చేయినే సమర్పించారు" అని వక్తలు గద్గదస్వరంతో పలికారు. కట్టుకు పూలదండ వేశారు. దాని వెనుకనున్న మనిషికి శాలువా కప్పారు.

దసరా వెళ్లాక డాక్టరుగారు స్వయంగా జగన్నాధంగారి వీధి అరుగు ఎక్కారు.

"ఏటి డాక్టరు బాబూ, తవరు రావడవేటి! కబురెడితే నానే రానూ?" అన్నారు జగన్నాధంగారు, మెడనుంచి వేలాడే గుడ్డలో చేయి సర్దుకొంటూ.

"చెయ్యి బాగుపడి నెల దాటిందండి. కట్టు విప్పేయమని అప్పుడే చెప్పాను. ఆ బిల్లు సంగతి కూడా..."

"ఇయ్యకేటి బాబూ! మరి ఏ సేత్తో ఇమ్మంటారు? కుడిసెయ్యి కట్టులో ఉన్నాది. ఎడం సేత్తో ఇస్తే లచ్చిమి అలుగుద్ది. తవరు నాకు దేవుడితో సమానం. దేవుడికి ఎడం సేత్తో హారతిస్తామా?"

"నాకు ఎడమచెయ్యి అయినా పట్టింపు లేదండి."

"పుచ్చుకున్నోళ్లకు లేపోవొచ్చు బాబూ. ఇచ్చినోడికి అంటుకుంటాది పాపం. పైగా మీ పాదిరిగారే సెప్తారు కదా, కుడిసెయ్యి ఇచ్చింది ఎడంసేతికి తెలీకూడదని. ఎడం సేత్తోనే ఇచ్చేస్తే దానికి తెలిసిపోదేటి?"

జ్ఞానానందంగారు రెండు మతాల ధర్మశాస్త్రాల నడుమ చిక్కి, బిల్లును మడిచి జేబులో పెట్టుకొన్నారు.

"పోనీ, కట్టు నేనే విప్పుతాను. ఇలా ఇవ్వండి."

"అమ్మో! ముట్టుకోకండి! పేనం పోతన్నాది!" అని జగన్నాధంగారు పెట్టిన కేకకు ఎదురింటి ఆవు తాడు తెంచుకొంది.

పక్కనే ఉన్న ఒక పెద్దమనిషి, పూర్వం ఒకానొక మహాదాత ఎడమచేత్తోనే బంగారు గిన్నె దానం చేశాడు కదా అని గుర్తు చేయబోయాడు. "సేసినాడు. తరవాత యుద్ధంలో ఆడి గతి ఏటయింది?" అని జగన్నాధంగారు అడిగారు. పెద్దమనిషి చెప్పులు వెతుక్కొన్నాడు.

ధర్మం ఇంత సులభంగా ఆచరించవచ్చునని ఊరికి అంతవరకు తెలియదు. తెలిసిన మరుక్షణం ఊరు ఊరంతా ధర్మబద్ధమయింది. కాఫీ హోటలు కూర్మయ్య పాలవాడు వచ్చే వేళకు కుడిచేతికి కట్టు కట్టుకోసాగాడు. పాలవాడు దాణా అమ్మేవాడి ముందు కట్టుకొన్నాడు. దాణా అమ్మేవాడు కూర్మయ్య హోటలులో ఇడ్లీలు తిని, చేయి కడుక్కొని, ఆ చేతికే కట్టుకొన్నాడు. కళింగపట్నంనుంచి ఎండుచేపలు తెచ్చే చిన్నతల్లి ఒక్కతే నిలదీసింది.

"ఒరే కూర్మయ్యా, నిన్న ఇదే సేత్తో పకోడీ పిండి కలిపావు కాదేట్రా? నేటికి కట్టేటి?"

"నిన్నటి సెయ్యి వేరు, నేటి సెయ్యి వేరు పిన్నీ" అన్నాడు కూర్మయ్య వేదాంతధోరణిలో.

ఇక్కడ ఒక విషయం మనవి చేయాలి. కట్టు శాస్త్రోక్తంగా ఉండాలంటే వైద్యశాలలోనే కట్టించుకోవాలి. కాబట్టి స్టేషను రోడ్డు జనంతో క్రిక్కిరిసింది. ఏసమ్మ పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా కట్లు కట్టింది. కట్టు పూర్తయ్యాక గుడ్డ ఖరీదు అడిగితే, ప్రతి ఒక్కరూ వినయంగా కట్టు చూపించారు. అంతటి ఆదరణ పొందిన వైద్యశాల జిల్లాలో మరొకటి లేదు. అంత త్వరగా దివాలా తీసినదీ మరొకటి లేదు.

అయితే ఈ ఆచారంవల్ల ప్రభుత్వ వ్యవహారాలు కుంటుపడ్డాయని ఎవరైనా అంటే అది అపనింద. కచేరీలో పనులు యథాప్రకారం చకచకా సాగాయి. అక్కడ ఇవ్వవలసినవి జనం ఎడమచేత్తోనే ఇచ్చారు, వారు ఎడమచేత్తోనే పుచ్చుకొన్నారు. లక్ష్మి అలగలేదు. శాస్త్రం బల్లమీద జరిగే ఇచ్చిపుచ్చుకోళ్లకే వర్తిస్తుందనీ, బల్లకింద వర్తించదనీ అప్పుడు అందరికీ బోధపడింది.

మార్గశిరంలో మందుల షాపువారి మనిషి వచ్చి, పాత బాకీ తీరేదాకా ఒక్క సీసా కూడా పంపేది లేదని చెప్పి వెళ్లాడు. మందు లేని వైద్యశాలలో వైద్యుడు కూర్చుని చేసేదేమీ లేదు. జ్ఞానానందంగారు తలుపులకు తాళం వేసి, ఒరిస్సాలోని ఒక మిషను ఆసుపత్రికి పోదలచారు.

"ఎల్తే ఎల్లండి గానండీ, సోములు పెళ్లానికి నెలలు నిండినాయి. అడ్డం తిరిగిందని తవరే సెప్పినారు. దాన్నెవరికి అప్పసెప్పీమంటారు?" అంది ఏసమ్మ.

డాక్టరుగారు పెట్టె సర్దుకోసాగారు. సోములు జగన్నాధంగారి కౌలురైతు జగ్గమ్మ కొడుకు. ఆ మాట సాయంత్రానికి జగ్గమ్మ చెవిన పడింది.

పురప్రముఖులు మాత్రం తమ బాధ్యత మరువలేదు. ఘనంగా వీడ్కోలు సభ జరిపారు. పూలదండ అరువు తెచ్చారు. "ఇటువంటి నిస్స్వార్థ వైద్యుని వదులుకొనుట మన దురదృష్టము. ఈయనకు మనము ఎంతో ఋణపడియున్నాము!" అని జగన్నాధంగారు అధ్యక్షోపన్యాసంలో పలికారు. అధ్యక్షులవారు సభాముఖంగా పలికిన నిజం అది ఒక్కటే. ఒంటిచేత్తో చప్పట్లు మోగవు కనుక సభ తన హర్షాన్ని మౌనంగా వెలిబుచ్చింది.

మరునాడే జగన్నాధంగారి కళ్లంలో నూర్పు పూర్తయి కొలత మొదలు కావాలి. ఆ కుటుంబంలో తాతలనాటి ఆచారం ఒకటుంది. రైతు తొలి గుప్పెడు గింజలు భూస్వామి కుడిచేతిలో పోయాలి. పోసిన తరువాతనే కుంచం కదలాలి. ధాన్యం కొండలా రాశి పోసి ఉంది. తూర్పున సముద్రంమీద మబ్బు నల్లగా లేచింది. జగన్నాధంగారు కుర్చీలో కూర్చుని ఎడమచేయి చాపారు.

జగ్గమ్మ గుప్పెడు గింజలతో వచ్చి, చేయి చూసి, ఆగిపోయింది.

"ఏటి బాబూ, ఎడం సెయ్యి సాపినారు?"

"పర్లేదే, పొయ్యి."

"అమ్మమ్మా! ఎడం సేతిలో ఎడితే లచ్చిమి అలుగుద్దని తవరే సెప్పినారు. పిల్లలు గలదాన్ని, కోడలు పురిటికున్నాది. ఆ పాపం నాకొద్దు బాబూ."

"ఒసే, పుచ్చుకునే నాకు పట్టింపు లేదంటంటే!"

"పుచ్చుకున్నోళ్లకు లేపోవొచ్చు బాబూ. ఇచ్చినోళ్లకు అంటుకుంటాది."

వెనుకనున్న రైతులందరూ భక్తిగా తలలూపారు. చేతిలోని కుంచాలను కిందపెట్టి, చుట్టలు వెలిగించారు. తొలి చినుకు రాశిమీద పడింది. రెండవది జగన్నాధంగారి ముక్కుమీద పడింది. ధర్మసూక్ష్మాలు ఎన్ని తెలిసినా, తడిసిన ధాన్యం మొలకెత్తుతుందన్న సంగతి ఆయనకు అంతకన్న బాగా తెలుసు.

"ఓలమ్మో, వాన! బేగి ఇప్పండ్రా కట్టు!"

సోములు విప్పసాగాడు. నాలుగు నెలల గౌరవం పంచె అంత పొడవు వచ్చింది. చివరకు చేయి బయటపడింది. తెల్లగా, నునుపుగా, మచ్చ కూడా మాసిపోయి, ముల్లంగిదుంపలా నిగనిగలాడింది. సరిగ్గా ఆ సమయానికే డాక్టరుగారి పెట్టెలతో స్టేషనుకు పోతున్న బండి కళ్లం పక్కకు వచ్చింది. జగ్గమ్మ ఎద్దులకు అడ్డం నిలబడింది.

"దిగండి డాక్టరు బాబూ! తవరు బాగు సేసిన సెయ్యి ఒక్కపాలి సూసి పొండి."

డాక్టరుగారు దిగారు. జగన్నాధంగారు కుడిచేయి చాపారు. గుప్పిట మూసే ఉంది. జగ్గమ్మ గింజలు పట్టుకొని ఎదురుచూసింది. గుప్పిట తెరుచుకోలేదు. జగన్నాధంగారు పళ్లు బిగించారు. వేళ్లు మరింత బిగిశాయి.

జ్ఞానానందంగారు ఆ చేతిని అటూ ఇటూ తిప్పి పరీక్షించారు.

"పట్టు బ్రహ్మాండంగా ఉందండి. దొరికింది వదలదు. చాపడమే మరిచిపోయింది. కట్టులో ఉంచేస్తే వేళ్లు ఇలాగే బిగుసుకుపోతాయి."

"మందేటి బాబూ?"

"మందుకు లొంగదండి. రోజూ పొద్దున్నే వేళ్లు చాపి ఎవరికో ఒకరికి ఏదో ఒకటి ఇస్తూ ఉండాలి. మొదట్లో నొప్పిగా ఉంటుంది."

ఈ మాటకు జగన్నాధంగారు వేసిన కేక ముందు మిల్లులో వేసిన కేక చిన్నబోయింది.

"ఏటి సేస్తాం మరి?" అంది జగ్గమ్మ రైతులవైపు తిరిగి. "బాబుగారి సెయ్యి తెరుసుకోలేదు. సెయ్యిని బతికించినాయన బండి తెరుసుకునే ఉన్నాది. ఆయన బాకీ బాబుగారి బాగంలోంచి ముందు కొలిసేద్దాం. ఈలోగా సెయ్యి తెరుసుకుంటే దాన్లో పోద్దాం. ఏటంటారు బాబూ? వాన ముదురుతన్నాది."

జగన్నాధంగారు ఆకాశంవైపు చూశారు. రాశివైపు చూశారు. డాక్టరుగారివైపు చూడలేదు. జీవితంలో ఎన్నో ఉపన్యాసాలు చేసిన ఆ నోట అతి కష్టంమీద రెండు మాటలు వెలువడ్డాయి.

"ఇచ్చీండి! సావండి!"

ఆ మాట అనగానే ఆయన చిటికెన వేలు టక్కుమని చప్పుడు చేసి, కొద్దిగా తెరుచుకొంది. జ్ఞానానందంగారు బిల్లు సంగతి కూడా మరిచి, "కదిలింది! కదిలింది!" అని కళ్లంలో గంతులు వేశారు. ఆ సందులో జగ్గమ్మ నాలుగు గింజలు దూర్చింది. ఆచారం నెరవేరింది. కుంచాలు కదిలాయి. చినుకులు జల్లయ్యేలోగా రాశిమీద తాటాకులు కప్పారు. ధాన్యంతో నిండిన డాక్టరుగారి బండి స్టేషనువైపు కాక, వెనక్కు, వైద్యశాలవైపు మళ్లింది. ఆ వారంలోనే సోములుకు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. జగ్గమ్మ మనవరాలు పుట్టగానే ఏడవలేదనీ, రెండు చేతులూ బార్లా చాపిందనీ ఏసమ్మ ఊరంతా చెప్పుకొంది.

ఊళ్లో కట్లన్నీ విప్పారు. అందరి చేతులదీ ఒకే జబ్బు. డాక్టరుగారు అందరికీ ఒకే వ్యాయామం చెప్పారు. చిన్నతల్లి దయవల్ల కూర్మయ్యకు త్వరగానే నయమయింది. ఆమె రోజూ ఎండుచేపల తట్ట హోటలు గుమ్మంలో దింపి, అతని వేళ్లు ఒక్కొక్కటే స్వయంగా విప్పేది. తక్కినవారు ఆ వైద్యం మరీ కఠినంగా ఉందనీ, గుప్పిటతోనే కాలక్షేపం చేయగలమనీ నిర్ణయించుకొన్నారు.

ఏ యంత్రంలోనూ చేయి పెట్టనివారికి, ఒక్కనాడూ కట్టు కట్టుకోనివారికి కూడా ఈ జబ్బు ఉంటుందని జ్ఞానానందంగారు ఈమధ్య కనుగొన్నారు. పైకి కనబడదట. బిల్లు చూపించి పరీక్షించాలట. కాబట్టి అయ్యా, అమ్మా, ఈ కథను పట్టుకొన్న చేతిని ఒక్కసారి చాచి చూసుకోండి. చిటికెన వేలొక్కటి కదిలినా చాలు, భయం లేదు.

ఈ కథ చదివినవారికి, చదివించి విన్నవారికి, అరువు తెచ్చుకొని చదివి తిరిగి ఇవ్వనివారికి సైతం శ్రీకూర్మనాథుడు దీర్ఘాయువునూ, గాయపడని కరములనూ ప్రసాదించుగాక! మీ ఇంటికి వైద్యుడు ఎన్నడూ రాకుండుగాక! వస్తే, వట్టి చేతులతో వెళ్లకుండుగాక!