హాజరుపట్టీ ప్రకారం అందరూ క్షేమం

ఒక పెద్ద అడవిలో, అడవి పెద్దదైనందుకే కాబోలు, ఒక విశ్వవిద్యాలయం కూడా ఉండేది. రెండేళ్ల కిందట అక్కడ నేల కాస్త అదిరింది. అప్పటి నుంచి నెలకోసారి భూకంపం మాక్ డ్రిల్ జరుపుతున్నారు. గంట మోగగానే అందరూ మైదానంలోకి పరుగెత్తాలి. మూడు నిమిషాల్లో హాజరు పూర్తయితే 'సురక్షిత ప్రాంగణం' అన్న యోగ్యతాపత్రం ఇస్తారు.

అడ్డం ఒక్కరే. గ్రంథాలయంలో పనిచేసే తాబేలు నింపాదమ్మ. ఆమె గడప దాటడానికే అరగంట పట్టేది.

"మీవల్ల మన పరువు పోతోందమ్మా," అంది రిజిస్ట్రారు ముంగిస.

"గంట కొట్టడానికి అరగంట ముందు నా చెవిన వేయండి, బయల్దేరతాను."

"భూకంపం మీకు చెప్పి వస్తుందా?"

చివరికి ముంగిసే దారి కనిపెట్టింది. నింపాదమ్మ కదలక్కర్లేదు. ఆమె పేరు పిలిచినప్పుడు మైదానంలో గోరింక ఆమె గొంతుతో "ఉన్నానండీ" అంటుంది. ఎండలో నడక తప్పినందుకు నింపాదమ్మ సంతోషించి గోరింకకు రేగుపళ్లు కూడా పంపింది.

యోగ్యతాపత్రం వచ్చింది. వైస్ ఛాన్సలర్ ఏనుగు గదిలో పెద్ద మేకు కొట్టి దాన్ని వేలాడదీశారు. ఆ మేకు దెబ్బకు గోడ బీటవారింది.

ఒక మంగళవారం పొద్దున నేల నిజంగానే కదిలింది. అందరూ పరుగెత్తారు. గ్రంథాలయం కప్పు కూలి, పుస్తకాల బీరువా నింపాదమ్మ మీద పడింది. డిప్ప గట్టిది కాబట్టి ప్రాణం మిగిలింది. కాళ్లు మాత్రం కదలడం లేదు. దుమ్ముకు ఊపిరి ఆడడం లేదు. మైదానంలో పేర్లు పిలవడం రాళ్ల సందులోంచి స్పష్టంగా వినిపిస్తోంది.

"తాబేలు నింపాదమ్మ!"

"ఉన్నానండీ," అంది గోరింక, అలవాటు కొద్దీ.

"లేనండీ! ఇక్కడ చచ్చిపోతున్నానండీ!" అని అరిచింది నింపాదమ్మ.

"సార్, లోపల ఎవరో అరుస్తున్నారు," అంది ఒక జింక.

ముంగిస పట్టీ చూసుకుంది. "లోపల ఎవరూ లేరు. నూట నలభై రెండుకు నూట నలభై రెండూ సరిపోయాయి."

"అది నింపాదమ్మగారి గొంతు సార్."

"ఆవిడ గొంతు ఇప్పుడేగా ఇక్కడ విన్నావు? ఎన్ని గొంతులుంటాయి ఆవిడకు?"

"సార్, ఇందాక పలికింది నేను..." అని గోరింక నసిగింది.

"నువ్వు నోరు మూసుకో. పట్టీ తప్పని తేలితే యోగ్యతాపత్రం ఉంటుందా?"

ఏనుగు గొంతు సవరించుకుంది. "ఎవరో బయటి ప్రాణి అయ్యుంటుంది. బయటివాళ్లు లోపలికి రాకూడదని నోటీసు పెట్టించండి."

కంచె అవతల నుంచి ఒక పందికొక్కు ఇదంతా వింది. హాజరు చాలలేదని నిరుడే దాని పేరు కొట్టేశారు. కాబట్టి దానికి వరసలో నిలబడే పని లేదు. అది నేల తవ్వుకుంటూ వెళ్లి, బీరువా కింద మట్టి తోడి, సాయంత్రానికి నింపాదమ్మను బయటికి లాగింది.

"ఆలస్యమైంది అత్తా, రాళ్లెక్కువ."

"నాకంటే నయంలేరా," అంది నింపాదమ్మ, దగ్గుతూ.

మర్నాడు ఇద్దరికీ మెమోలు అందాయి. ప్రాంగణంలో అనుమతి లేకుండా తవ్వినందుకు పందికొక్కుకు. మూడు నిమిషాల్లో క్షేమంగా బయటికి వచ్చి కూడా, మళ్లీ కూలిన భవనంలోకి వెళ్లినందుకు నింపాదమ్మకు.

"నేను అసలు బయటికే రాలేదండీ," అంది నింపాదమ్మ.

"అయితే నెలనెలా దొంగ హాజరు వేయించుకున్నారన్నమాట. దానికి ఉద్యోగం పోతుంది. సంజాయిషీలో ఏది రాస్తారో మీ ఇష్టం," అంది ముంగిస.

నింపాదమ్మ చాలాసేపు ఆలోచించి కలం తీసుకుంది. 'తొందరపాటుతో లోపలికి పరుగెత్తాను, క్షమించగలరు' అని రాసి సంతకం పెట్టింది.

నీతి: భూకంపంలో బతికి బయటపడితే చాలదు, హాజరుపట్టీలో రాసిన వేళకే బయటపడాలి.