గాలివానకు దండం పెట్టండి!

గాలివానను తిట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట! ఉరిమితే చాలు, మంచం కింద దూరతారు. వాగు పొంగితే శాపనార్థాలు. నేనడుగుతాను, మా దేవరకొండ తాలూకాకు వచ్చి నజరానా అడగకుండా పోయే పెద్దమనిషి గాలివాన కాక ఇంకెవరైనా ఉన్నారా?

తుపాకులు పట్టుకుని కొందరు వచ్చి మా కోళ్లు తిన్నారు. వాళ్లను పట్టుకోవడానికి ఇంకా పెద్ద తుపాకులతో వచ్చినవాళ్లు మేకలు తిన్నారు. గాలివాన ఒక్క కోడిగుడ్డునైనా ముట్టుకుందా?

పైగా దానికి పక్షపాతం లేదు. మొన్నామధ్య వచ్చిన సుడిగాలి పటేలు గొడుగునూ నా పంచెనూ కలిపి ఎత్తుకుపోయింది. గొడుగు అమ్రాబాద్ అడవిలో పులికి దొరికిందట! పంచె మక్తల్ దాకా పోయిందని విన్నాను. నేను ఇంతవరకూ మక్తల్ చూడలేదు.

మా దొర నిజాం రోజుల్లో ఎర్ర రూమీ టోపీ పెట్టేవాడు. పోలీసు యాక్షన్ అయిన మర్నాటి నుంచి తెల్ల ఖద్దరు టోపీ. వడగళ్లు ఏ టోపీనీ లెక్కచేయలేదు.

ఇక భూముల సంగతి. ఎర్రజెండా సంఘం వాళ్లు దొరను తరిమి ఆయన భూమి పంచినప్పుడు కూలి చేసుకునే సాలమ్మకు రాళ్ల మెట్ట చెలక వచ్చింది. పోలీసు యాక్షన్ తరువాత, పారిపోయిన దొర మిలిటరీ లారీ వెనకాలే ఊళ్లో దిగి, పంచినవన్నీ గుంజుకున్నాడు. సాలమ్మ చెలక జోలికి మాత్రం పోలేదు. ఆ రాళ్లు అడగడం ఆయన పరువుకు తక్కువ!

గొడుగెత్తుకుపోయిన ఆ సుడిగాలి వెంటే కుండపోత వాన. వాగు పొంగి, ఎగువనున్న దొర చేని నల్లరేగడి మట్టి కొట్టుకొచ్చి సాలమ్మ రాళ్ల మీద మోకాటిలోతు పరుచుకుంది. సంఘం ఏళ్లతరబడి తన్నులు తిని చేసిన పని వాగు ఒక్క పూటలో చేసింది. సాలమ్మ ఆ మట్టిని పిడికిట పట్టి వాసన చూసింది.

"గీయేడు జొన్నలు ఇత్తుత. పిల్లలకు కడుపునిండ గటక దొరుకుతది" అన్నది.

సుడిగాలి మాత్రం ఆమె గుడిసె కప్పును లేపి దొర కల్లంలో పడేసింది. ఇచ్చిపుచ్చుకోవడమంటే అదీ!

మర్నాడు దొర గుర్రమెక్కి వచ్చాడు. వెంట తుపాకీ మనిషి.

"ఏందే సాలీ, చెలక నీదైతే మట్టి గూడ నీదేనా? నా మట్టి నా చేన్ల మోసి పొయ్యి!"

"మోస్త, నీ బాంచెన్ దొరా. మరి నా ఇంటి కప్పు నీ కల్లంల పడ్డది. గది ఇప్పియ్యి, పిల్లలు తడుస్తున్రు."

"నా జాగల పడ్డది నాదే!"

అర్థమైందా పాఠకులారా? దొర జాగాలో పడ్డది దొరది. దొర జాగా నుంచి పోయి పడ్డదీ దొరదే! ఇంత చిన్న చట్టం కోసం మన ప్లీడర్లు ఏళ్లకేళ్లు చదువుతున్నారు, పాపం.

ఇప్పుడు సాలమ్మ గంపతో మట్టి మోస్తోంది. వెట్టి పోయిందని అందరూ అంటున్నారు కాబట్టి దీన్ని వెట్టి అనకూడదు. కూలి కూడా అడగకూడదు!

నా కోపం వాన మీద కాదు. వాన వస్తుంది, పోతుంది. పోయినట్టే పోయి, లారీ వెనకాల తిరిగొచ్చేది దొర ఒక్కడే.

నిన్న మళ్లీ నల్లగా మబ్బు పట్టింది. ఇంటికి పరుగెత్తమని సాలమ్మకు కేకేశాను. కప్పులేని ఇంటికి పరుగెందుకో నాకే తెలియదు.

"రానియ్యి అయ్యా" అన్నది సాలమ్మ. "పొద్దంత నేను మోసింది గది మల్ల నా చెలకలనే తెచ్చి పోస్తది."

గంప బోర్లించి దాని మీద కూర్చుంది, వాన కోసం.