మంత్రిగారి ఎత్తు మడి

రాష్ట్రంలో ఏ ఇల్లాలూ ఇకమీదట కూరగాయల కోసం గుమ్మం దిగనవసరం లేదని మంత్రివర్యులు శ్రీ గోపాలకృష్ణంరాజు గారు భీమవరం అతిథిగృహంలో ప్రకటించారు. ప్రకటిస్తున్నప్పుడు ఆయన కళ్లు చెమర్చాయి. మా పత్రిక తరఫున ముందు వరసలో కూర్చున్న నేను స్వయంగా చూశాను. ఏసీ పనిచెయ్యక చెమట కళ్లలోకి కారిందని ఆయన పి.ఎ. తాతాజీ తరవాత చెప్పాడు గానీ, అలాంటివి నేను రాయను.

పథకం పేరు ‘ఇంటింటా ఎత్తు మడి’. పెరట్లో నేల మీద విత్తనాలు చల్లి చేతులు దులుపుకోవడం పాత పద్ధతి. ఇకనుంచి ఇటుకలు మోకాలెత్తు పేర్చి, లోపల మట్టి నింపి, మంచమంత మడి కట్టుకోవాలి. ఇటుకలు, మట్టి, విత్తనాలు ప్రభుత్వమే ఇస్తుంది. లబ్ధిదారులు వండుకుని తింటే చాలు.

“ఎత్తు మడి ఎందుకండీ? నేల మీద పండదా?” అని పక్క పత్రికాయన అడిగాడు.

“నేలెక్కడుందయ్యా?” అన్నారు మంత్రిగారు బాధగా.

ఆ బాధ ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మా వైపు నేలంతా రొయ్యల చెరువులైపోయింది. అందులో సగానికి పైగా ఆయనవే.

“చెరువుల ఉప్పు ఊటకి పెరళ్లు చౌడెక్కిపోతున్నాయని జనం అంటున్నారండీ,” అన్నాడు పక్క పత్రికాయన. అతనికి టీ ఇంకా అందలేదు.

మంత్రిగారు చిరునవ్వు నవ్వారు. “చెరువులో రొయ్య గట్టు దాటి వస్తుందా? రాదు. రొయ్యే రానప్పుడు ఉప్పెలా వస్తుంది? ప్రతిపక్షాల ప్రచారం అది.”

ఈ శాస్త్రీయమైన వివరణతో సమావేశం ముగిసింది. జీడిపప్పు ఉప్మా చాలా బాగుంది.

నిజానికి ఎత్తు మడి అన్న ఆలోచన భీమవరం పక్కన మా ఊళ్లో, మా ఎదురింటి జగదాంబ గారిది. ఆవిడ భర్త గున్నేశ్వరరావు గారికి సెంటర్లో కిరాణా కొట్టు ఉంది. వాళ్ల పెరటి గోడకి అవతల మంత్రిగారి చెరువు. ఆ చెరువు తవ్వాక వాళ్ల పెరట్లో ముందు కరివేపాకు మొక్క పోయింది, తరవాత అరటి బోదెలు పోయాయి, ఆ తరవాత గోడకి అడుగున తెల్లటి పూత వచ్చింది. జగదాంబ గారు ఏడ్చి ఊరుకునే మనిషి కాదు. పుట్టిల్లు పెద్దాపురం. అక్కణ్ణించి ఎర్రమట్టి ట్రాక్టరు మీద తెప్పించి, ఇటుకలతో మడులు కట్టి, ఉప్పు ఎక్కకుండా అడుగున గులకరాళ్లు పరిచి, వంగా బెండా తోటకూరా పండించారు. ఆ వీధిలో పచ్చగా ఉన్నవి ఆ మడులే. సాయంత్రం పూట నేను మా అరుగు మీద కూర్చుని వాటినే చూసేవాణ్ణి. అప్పుడప్పుడు వంకాయలు మా ఇంటికీ వచ్చేవి గనక నా అభిప్రాయంలో కొంత పక్షపాతం ఉండొచ్చు.

తాతాజీ వాటిని ఒకరోజు కారులోంచి చూశాడు. మర్నాటికి అది పథకమైంది.

“మీ మడులు రాష్ట్రానికే ఆదర్శం అమ్మా. మంత్రిగారి చేతుల మీదుగా తొలి కోత ఇక్కడే. ఆయన ఒక్క వంకాయ కోస్తారు, ఫొటో పడుతుంది, అంతే,” అన్నాడు తాతాజీ గుమ్మంలో నిలబడి.

జగదాంబ గారు వెంటనే ఒప్పుకోలేదు. “కొయ్యమనండి, ఎవరొద్దన్నారు? కానీ ఒక మాట. ఊట రోజురోజుకీ పైకొస్తోందండి. అడుగు వరస ఇటుకలు అప్పుడే పొడైపోతున్నాయి. ఇంకో ఏడాదికి మడుల్లోకి ఎక్కేస్తుంది. చెరువుకీ ఇళ్లకీ మధ్య ఊట కాలువ తవ్వాలి కదండీ, అది రూలే కదా? అది తవ్విస్తానంటే, మడులే కాదు, మంత్రిగారికి భోజనం కూడా పెడతాను.”

“కాలువే కదమ్మా? తవ్వించేద్దాం,” అన్నాడు తాతాజీ. తవ్వడం అన్న మాట మంత్రిగారి మనుషులకి ఎప్పుడూ బరువనిపించదు.

పథకం అమలుకి ఉద్యానశాఖ అధికారి కావాలి. ఆ పోస్టు చాలాకాలంగా ఖాళీ. అందుచేత మత్స్యశాఖ నుంచి జ్ఞానప్రకాశం గారికి పూర్తి అదనపు బాధ్యతలు ఇచ్చారు. ఆయన నిజాయితీపరుడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, జగదాంబ గారి మడుల చుట్టూ ప్రదక్షిణంగా తిరిగి, సంచిలోంచి పరికరాలు తీశారు.

“సీడు ఎంత వదిలారమ్మా?”

“వదలడం ఏంటండీ? నారు పోసి నాటాను.”

“అదేనమ్మా. నర్సరీ స్టేజీ. బతుకుడు శాతం ఎలా ఉంది?”

“బాగానే బతికాయండి.”

“రాత్రిళ్లు ఆక్సిజన్ తగ్గుతోందా?”

జగదాంబ గారు నా వైపు చూశారు. నేను కాగితం మీద ‘ఆక్సిజన్’ అని రాసుకున్నాను. మర్నాడు మడుల పక్కన రొయ్యల చెరువులో తిప్పే ఏరియేటర్ ఒకటి దిగింది. కరెంటు లేక తిరగలేదు. మొక్కలకి ఏ అపాయమూ జరగలేదు.

ఇక మిగతా ఇళ్లకి మట్టి కావాలి. పథకం మొత్తంలో ప్రాణం మట్టే కదా. అది ఎక్కణ్ణించి తేవాలన్న చర్చ కలెక్టరేట్‌లో జరుగుతుండగానే మంత్రిగారు పెద్ద మనసుతో తమ చెరువుల అడుగు మట్టి ఉచితంగా ఇస్తానన్నారు. తవ్వకం, రవాణా ఖర్చులు మాత్రం ప్రభుత్వానివి. ఎన్నాళ్లుగానో పూడికతో నిండిపోయిన ఆయన చెరువులు దాంతో అద్దంలా అయ్యాయి. దానం చేసేవాళ్లకి భగవంతుడు అలా మేలు చేస్తాడు.

ట్రాక్టర్లు మా వీధిలో ఇంటింటి ముందూ నల్లటి బురద కుప్పలు పోసి వెళ్లాయి. వీధంతా చచ్చిన రొయ్య వాసన. జగదాంబ గారు చిటికెడు తీసి నాలిక మీద పెట్టుకుని, పక్కకి ఉమ్మేశారు.

“ఉప్పండీ ఇది!”

“మరదే కదమ్మా, కూరలో మళ్లీ విడిగా వెయ్యక్కర్లేదు,” అన్నాడు తాతాజీ.

ఆ మట్టితో కట్టిన మడుల్లో విత్తనాలు మొలవలేదు. లబ్ధిదారుల్లో అవగాహన లోపమే కారణమని నేను జిల్లా పేజీలో రాశాను. మంత్రిగారి పర్యటన దగ్గరపడే కొద్దీ అందరి ఆశా జగదాంబ గారి ఎర్రమట్టి మడుల మీదే నిలిచింది. వంకాయలు నిగనిగలాడుతూ వేలాడుతున్నాయి. బెండకాయలు పిందె దశలో ఉన్నాయి. ఆవిడ రోజూ పొద్దున్నే లేచి ఒక్కో కాయనీ తడిమి చూసుకునేవారు. ఎవరినీ కొయ్యనిచ్చేవారు కాదు, మాకు పంపడం కూడా ఆపేశారు. “ఇవి కాయలు కాదండీ, నా కాలువ,” అన్నారొకరోజు నాతో. ఆ మాటన్నప్పుడు ఆవిడ గొంతులో ఆశ విని నాకే ఎందుకో భయమేసింది.

పర్యటనకి ముందురోజు ఆవిడ మరిడమ్మ తల్లి జాతరకని పెద్దాపురం వెళ్లారు. పని సవ్యంగా జరగాలని మొక్కుకోవడానికే వెళ్లారని గున్నేశ్వరరావు గారు చెప్పారు. మడులు జ్ఞానప్రకాశం గారి కాపలాలో ఉన్నాయి.

మధ్యాహ్నం ఆయన పెట్టిన కేక వీధి చివరిదాకా వినిపించింది. నేను పరుగెత్తాను. ఆయన ఒక బెండాకు పైకెత్తి నాకు చూపించారు. ఆకు మీద చిన్న తెల్లమచ్చ.

మా వైపు వాళ్లకి ఆ రంగు మచ్చ సంగతి చెప్పనక్కర్లేదు. రొయ్య మీద తెల్లమచ్చ కనిపించిందంటే చెరువంతా చంపే వైరస్ వచ్చినట్టే, మర్నాటి దాకా ఆగకూడదు. చిన్నదా పెద్దదా అని చూడకూడదు. ఉన్నపళంగా చెరువులో రొయ్యలన్నీ పట్టెయ్యాలి. ఆగిన వాడు అప్పులపాలవుతాడు, పట్టిన వాడు అసలైనా దక్కించుకుంటాడు. జ్ఞానప్రకాశం గారు సర్వీసంతా రైతులకి అదే చెప్పారు. చెప్పిన మాటే చేశారు.

“ఎమర్జెన్సీ హార్వెస్ట్! మనుషుల్ని పిలవండి! ఐసు తెప్పించండి!”

పట్టుబడి ముఠా వచ్చింది. రొయ్యలు పట్టడంలో చెయ్యి తిరిగిన వాళ్లు. కాసేపట్లో పిందెలు, పువ్వులు, తోటకూర వేళ్లతో సహా బయటికొచ్చాయి. వైరస్ మిగలకూడదని మొక్కలు కూడా పీకేశారు. మడుల్లో బ్లీచింగ్ చల్లారు. కాయల్ని సైజుల వారీగా వేరుచేసి, థర్మోకోల్ పెట్టెల్లో ఐసు వేసి సర్దారు. కొట్టు కట్టేసి వచ్చిన గున్నేశ్వరరావు గారితో జ్ఞానప్రకాశం గారు చెమట తుడుచుకుంటూ అన్నారు:

“కౌంటు కాస్త ఎక్కువొచ్చిందండి, కాయ ఇంకా సైజు రాలేదు. పోనీలెండి, సరుకు చేతికి దక్కింది.”

సాయంత్రం జగదాంబ గారు ప్రసాదం పొట్లంతో పెరట్లోకి వచ్చారు. ఖాళీ మడుల్ని చూశారు. ఐసు పెట్టెల్ని చూశారు. మడి గట్టు మీద కూలబడ్డారు. నాకు చాలా బాధ కలిగింది. కానీ బాధని జిల్లా పేజీలో వెయ్యరు.

మర్నాడు మంత్రిగారు వచ్చారు. డప్పులు, దండలు, కత్తెర పెట్టిన వెండి పళ్లెం, అన్నీ సిద్ధం. ఆయన కత్తెర పట్టుకుని మడుల ముందు ఆగారు.

“మొక్కలేవయ్యా?”

తాతాజీ మొహం పాలిపోయింది. జ్ఞానప్రకాశం గారు ముందుకొచ్చారు.

“పట్టుబడి అయిపోయిందండి. తెల్లమచ్చ వచ్చిందండి.”

మంత్రిగారు ఖాళీ మడుల్ని చూసి, అధికారి భుజం తట్టారు.

“ఎప్పుడు కనపడింది?”

“నిన్న మధ్యాహ్నం అండి.”

“సాయంత్రానికి పట్టేశావా? శభాష్! ఆ బుద్ధి నాకు మొన్న పదో నంబరు చెరువు దగ్గరుంటేనా!”

అక్కడికక్కడే ఆయన్ని ఉత్తమ అధికారి అవార్డుకి సిఫారసు చేశారు. పెట్టె మూత తీసి, ఐసులోంచి ఒక వంకాయ పైకెత్తి పట్టుకున్నారు. కెమెరాలు మెరిశాయి. తొలి కోత విజయవంతమైంది.

చప్పట్లు ఆగాక జగదాంబ గారు లేచి ముందుకొచ్చారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు గట్టిగానే ఉంది.

“కాయలు పోతే పోయాయండి. మట్టుంది, మళ్లీ వేసుకుంటాను. ఊట కాలువ తవ్విస్తామన్నారు. ఆ మాట నిలబెట్టండి బాబూ.”

“తవ్వలేదా ఇంకా?” మంత్రిగారు తాతాజీ మీద కళ్లెర్రజేశారు. “ఆడపడుచు అడిగితే ఇంత ఆలస్యమా? ఇవాళే తవ్వాలి. నా కారు భీమవరం చేరేలోపు పని మొదలవ్వాలి!”

ప్రజల విన్నపానికి అంత వేగంగా స్పందించిన నాయకుణ్ణి నేను చూడలేదు. అప్పటికప్పుడు పొక్లెయిన్ వచ్చింది. గోడ పడగొట్టి లోపలికొచ్చింది.

“ఇటు కాదండీ! చెరువు వైపు తవ్వాలి,” అని జగదాంబ గారు అడ్డం వెళ్లారు.

“అటువైపు ప్రైవేటు ఆస్తమ్మా,” అన్నాడు తాతాజీ ఎంతో ఓపికగా. “ప్రభుత్వ నిధులతో మంత్రిగారి సొంత గట్టు ముట్టుకుంటే రేపు ఆయన మీద మచ్చ రాదా? కాలువ మీది. మీ వైపే ఉండాలి.”

పొక్లెయిన్ మొదటి పట్టులోనే రెండు మడులు ఇటుకలతో సహా లేచాయి. పెద్దాపురం ఎర్రమట్టి గట్టి మట్టి. వృథా కాకూడదని దాన్ని మంత్రిగారి చెరువు గట్టు మీద పోసి తొక్కించారు. చీకటి పడేలోపు పెరడంతా కాలువైంది. చెరువులోంచి ఉప్పునీటి గొట్టం ఒకటి కూడా అందులోకి తెరిచారు. ‘ఇల్లాలి కోరిక క్షణాల్లో తీర్చిన మంత్రి’ అన్న నా వార్త మొదటి పేజీలో వచ్చింది. ఫొటోలో వంకాయ చాలా స్పష్టంగా కనిపించింది.

కొన్నాళ్ల తరవాత మంత్రిగారి ఇంటి కారు మా వీధిలో ఆగింది. డ్రైవరు ముసలయ్య దిగి, జగదాంబ గారికి వినయంగా దణ్ణం పెట్టాడు. మా అరుగు మీంచి నాకంతా వినిపిస్తోంది.

“మా అమ్మగారు సుభద్రమ్మ గారు పంపారండి. బంగళాలో ఎత్తు మడులు కట్టించుకుంటున్నారండి. మీరు పెద్దాపురంలో ఎర్రమట్టి ఎక్కడ తవ్వించారో కనుక్కుని రమ్మన్నారండి. ఆ మట్టే కావాలంటండి.”

జగదాంబ గారు కాలువ అవతలికి చెయ్యి చాపారు.

“అంత దూరం ఎందుకు నాయనా? మా మట్టంతా మీ అయ్యగారి గట్టు మీదే ఉంది. పట్టుకుపోండి.”

ముసలయ్య ఇబ్బందిగా తల గోక్కున్నాడు.

“ఆ మాట నేనూ అన్నానండి. అయ్యగారే వద్దన్నారండి. రొయ్యల చెరువు పక్కన పడున్న మట్టి ఈపాటికి ఉప్పెక్కిపోయుంటుంది, అందులో ఏం మొలుస్తుందిరా అని తిట్టారండి.”