కాలెత్తని ముళ్ళపంది

ఒక పెద్ద అడవిలో అని చెప్పుకోవడం అక్కడివాళ్ళకి ఇష్టం గానీ, అది మరీ అంత పెద్దదేం కాదు. ఈ చివర ఎవరైనా తుమ్మితే ఆ చివర నుంచి చిరంజీవ అనేంత అడవి.

ఆ అడవికి ఒక మడుగు ఉంది. మడుగుకి ఒక ఆచారం ఉంది.

ఆకాశంలో ఒక ఏనుగు ఉందనీ, ఉరిమితే అది ఘీంకరించడమనీ, వాన పడితే అది తొండంతో చల్లడమనీ అక్కడ అందరి నమ్మకం. అందుకని నీళ్ళు తాగే ముందు ప్రతి జంతువూ కుడి ముందుకాలు పైకెత్తి, కళ్ళు మూసుకుని, పది లెక్కపెట్టాలి. ఆ తరవాతే మూతి ముంచాలి.

పక్షులకి ముందుకాళ్ళు లేవు కాబట్టి ఒంటికాలి మీద నిలబడితే చాలన్నారు. దాంతో కొంగకి అడవిలోకెల్లా పెద్ద భక్తురాలని పేరొచ్చింది. ఆ భక్తి మధ్యలో చేపలు ఏమైపోతున్నాయని ఎవరూ అడగరు. పాములు ఏం ఎత్తాలన్న సంగతి మాత్రం ఇంకా తేలలేదు. పదిహేనేళ్ళుగా పరిశీలనలో ఉంది.

ముళ్ళపంది ముత్తెన్న కాలెత్తడు. వస్తాడు, నీళ్ళు తాగుతాడు, వెళ్ళిపోతాడు. ఇలా ఎన్నేళ్ళ నుంచి జరుగుతోందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఆ సమయంలో అందరి కళ్ళూ మూసుకుని ఉంటాయి.

ఒక చైత్రమాసం పొద్దున తీతువు పిట్ట నూకాలు పరిగెత్తుకుంటూ అడవి పెద్ద దాలయ్య దగ్గరికి వచ్చింది. ఎగరగలిగిన పిట్టే గానీ, పరిగెడితే దారిలో నలుగురికి చెప్పుకుంటూ రావచ్చు. దాలయ్య అడవిదున్న. ఆయన్ని ఎవరూ ఎన్నుకోలేదు. పక్కకి తప్పుకోమని చెప్పే ధైర్యం లేక ఎదర ఉండనిచ్చారు, అంతే.

"మావయ్యా, ముత్తెన్న కాలెత్తడం లేదు. నా కళ్ళతో చూశాను," అంది నూకాలు.

"నీ కళ్ళతో ఎలా చూశావు? మూసుకోలేదా?"

"నలుసు పడింది."

"ఎప్పుడు పడింది?"

"కార్తీకంలో."

దాలయ్య ఆ లెక్క వదిలేశాడు. ఆయనకీ అప్పుడప్పుడు నలుసు పడుతుంటుంది.

మధ్యాహ్నానికి సంగతి అడవంతా పాకింది. అప్పటిదాకా ముత్తెన్న గురించి చెప్పుకోవడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. ఇప్పుడు అందరికీ ఏదో ఒకటి గుర్తొచ్చింది.

రెండేళ్ళ కిందట తన పిల్ల తప్పిపోయిందని జింక మాలచ్చి గుర్తుచేసింది. ఆ పిల్ల సాయంత్రానికి పిన్నమ్మ ఇంట్లో దొరికింది. "దొరికిందనుకో, అయినా ఆ రోజు ముత్తెన్న ఎక్కడున్నాడు?" అంది మాలచ్చి. అతనికి ఏదో పెద్ద కష్టం వచ్చి ఉంటుందని, అందుకే పై ఏనుగు మీద అలిగాడని ఎలుగుబంటి బూరన్న జాలిపడ్డాడు. ఏం కష్టమో రాత్రికల్లా నూకాలు మూడు రకాలుగా చెప్పగలిగింది. తెలివి ఎక్కువైతే ఇలాగే అవుతుందని కుందేళ్ళు అనుకున్నాయి. ముత్తెన్నకి తెలివి ఉన్నట్టు అంతకుముందు ఎవరూ ఆరోపించలేదు.

పునుగుపిల్లి పరిమళయ్య అందరికన్నా లోతుగా ఆలోచించాడు. ఒంట్లోంచి మంచి వాసన వస్తుంది కాబట్టి ఆచారాల మీద చివరి మాట ఆయనదే.

"ఆ ముళ్ళు చూశారా? భయభక్తులున్నవాడి ఒంటిమీద అలాంటివి మొలుస్తాయా?" అన్నాడు.

"పోలమ్మకీ ఉన్నాయి కదండీ. ఆవిడ రోజూ కాలెత్తుతుంది," అన్నాడు బూరన్న. పోలమ్మ ముత్తెన్న భార్య.

"పెళ్ళయ్యాక అంటుకుని ఉంటాయి."

మర్నాడు సభ పెట్టారు. విచారించాల్సింది ఒకటే: ముత్తెన్నని మడుగుకి రానివ్వాలా వద్దా. వినడానికి చిన్న విషయమే. కానీ ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. చిన్న వాగులన్నీ ఎండిపోయాయి. ఇంకో చోట నీళ్ళు కావాలంటే రెండు రోజులు నడిచి కొండ అవతల ఏటికి పోవాలి. మొగుడితో పాటు పోవాల్సిన పోలమ్మకి నెలలు నిండాయి. రెండు రోజులు కాదు, రెండు పొదల దూరం నడవాలన్నా ఆయాసపడుతోంది.

"ఏమయ్యా ముత్తెన్నా, కాలెందుకు ఎత్తవు?" అని అడిగాడు దాలయ్య.

ముత్తెన్న పెద్ద ఉపన్యాసం ఇస్తాడని, దాన్ని ఖండించాలని అందరూ సిద్ధపడి వచ్చారు. కొంగ అయితే రెండు కాళ్ళూ కింద పెట్టుకుని మరీ కూర్చుంది.

"ఉరుము విన్నాను. ఏనుగులా అనిపించలేదు," అన్నాడు ముత్తెన్న.

"ఇంకా?"

"ఇంకేం లేదు. దాహమేసింది, తాగాను."

సభ చాలా నిరుత్సాహపడింది.

పోలమ్మ మెల్లిగా అతని పక్కకి జరిగింది. "ఒక్కసారి ఎత్తు, అయిపోతుంది. కాలేగా, కొండేం కాదుగా."

"లేనిది ఉందని ఎత్తితే అబద్ధం కదే."

"ఇల్లు ఇరుకు అని పోయినేడు మా తమ్ముణ్ణి పంపించేశావు. అది అబద్ధం కాదా?"

"అది ఇరుకే," అన్నాడు ముత్తెన్న. ఆ ముక్క దగ్గర మాత్రం అతను కొంచెం నసిగాడు.

పరిమళయ్య గొంతు సవరించుకున్నాడు. "పై నుంచి చూసేవాడు లేడనుకునే జంతువుని మన మధ్య ఎలా తిరగనిస్తాం? ఈ రోజు కాలెత్తడు. రేపు మన ఇప్పపూలు ఎత్తుకుపోతాడు."

ఇప్పపూలు అంటే అక్కడ ఆషామాషీ కాదు. ఎండాకాలం చివర్లో తినడానికి అడవంతా కలిసి ఏరి పోగేసుకున్నవి. ఆ పోగు ఒక మిట్ట మీద, ఆకాశం కింద ఉంటుంది. పై ఏనుగు చూస్తుందని ఎవరూ ముట్టుకోరు.

"నేను దొంగతనం చేస్తానని మీకెందుకు అనిపించిందండీ?" అని అడిగాడు ముత్తెన్న.

"అదేమిటయ్యా, ఎవరికైనా అనిపిస్తుంది కదా," అన్నాడు బూరన్న. "చూసేవాళ్ళు లేకపోతే నేనైతే..." అని ఆగి, గోళ్ళు చూసుకున్నాడు.

సభ ముగిసేలోపు పరిమళయ్య ఒక పరీక్ష కనిపెట్టాడు. ఉత్తరాన ఒక గుహ ఉంది. పూలన్నీ తీసుకెళ్ళి అందులో పోస్తారు. ముత్తెన్న మూడు రోజులు లోపలే ఉండాలి. పూలు తగ్గితే మొగుడూ పెళ్ళాం అడవి దాటిపోవాలి. తగ్గకపోతే మడుగుకి రావచ్చు.

"గుహే ఎందుకు?" అన్నాడు దాలయ్య.

"అక్కడి నుంచి ఆకాశం కనపడదు. అంటే ఆకాశానికీ ఆ గుహ కనపడదు. పై ఏనుగు చూపు అక్కడ పడదు. వీడి అసలు గుణం అక్కడే బయటపడుతుంది."

సభంతా ఒక్కసారిగా చెవులు రిక్కించింది.

"అస్సలు పడదా?" అన్నాడు బూరన్న.

"అస్సలు పడదు."

"మధ్యాహ్నం పూట కూడానా?"

"ఏ పూటా పడదు."

సభ లేఖకుడు పట్టాభి ఆ మాటని బెరడు మీద గీకి రాసుకున్నాడు. పట్టాభి ఉడుము. ఒకసారి రాసుకున్న మాటని ఎవరు లాగినా వదలడు.

"లోపల నిద్రపోవచ్చా?" అని అడిగాడు ముత్తెన్న. పోవచ్చన్నారు. "అయితే సరే," అన్నాడు. ముళ్ళపందులు పగలు నిద్రపోతాయని, రాత్రిళ్ళు ఇతను మరీ ఎక్కువ నిద్రపోతాడని పోలమ్మ ఒక్కదానికే తెలుసు.

మొదటి రోజు పొద్దున్నే దాలయ్య తనిఖీకి వెళ్ళాడు. కాసేపటికి మూతి తుడుచుకుంటూ వచ్చాడు. ఆ వెనకే బూరన్న కాపలా కాయడానికి వెళ్ళాడు. పరిమళయ్య గుహని శుద్ధి చేయడానికి వెళ్ళాడు. పోగు ఎత్తు కొలవడానికి పట్టాభి వెళ్ళాడు. గుహలో ఏకాగ్రత బాగా కుదురుతుందని కొంగ వెళ్ళింది. మాలచ్చి తన పిల్ల అక్కడేమైనా ఉందేమో చూడటానికి వెళ్ళింది. ఆ పిల్ల ఆవిడ పక్కనే నడుస్తోంది. నూకాలు ఎందుకు వెళ్ళిందంటే, అందరూ ఎందుకు వెళ్తున్నారో చూడటానికి.

ముత్తెన్న గురక బయటిదాకా వినిపిస్తోంది. ఆ గురక వినపడుతున్నంతసేపూ ఎవరికీ ఏ ఇబ్బందీ లేకపోయింది.

రెండో రోజు తనిఖీలు పెరిగాయి. గుహ ముందు వరస కట్టాల్సి వచ్చింది. ఒకరి పని మీద ఒకరికి అనుమానం లేదు, కానీ ముందు నేనంటే ముందు నేనని తోసుకున్నారు. అన్నట్టు గుహలో చెమ్మ ఎక్కువ. ఇప్పపువ్వు చెమ్మలో రెండు రోజులుంటే పులుస్తుంది. పులిసిన ఇప్పపువ్వు మనిషికి ఏం చేస్తుందో మీకు తెలుసు. జంతువుకీ అదే చేస్తుంది.

మూడో రోజు సాయంత్రం సభ కూడింది. కూడింది అంటే కొందరు నడుచుకుంటూ వచ్చారు, కొందరు దొర్లుకుంటూ వచ్చారు. దాలయ్య అధ్యక్షస్థానం అనుకుని ఒక పుట్ట మీద కూర్చున్నాడు. కొంగ ఒంటికాలి మీద నిలబడాలని మూడుసార్లు ప్రయత్నించి, చివరికి పడుకుంది. నూకాలు మొదటిసారిగా ఎవరి గురించీ ఏమీ అనలేదు. ఒక తాటిమొద్దు ముందు కూర్చుని దాన్ని వదినా అని పిలుస్తోంది.

ముత్తెన్నని నిద్రలేపి తీసుకొచ్చారు. గుహ చూసి వచ్చిన పట్టాభి లేచి నిలబడి, చెట్టు పట్టుకుని చదివాడు: "పూలు లేవు."

"ఎన్ని లేవు?" అన్నాడు దాలయ్య.

"ఉన్నవన్నీ లేవు."

"చూశారా," అన్నాడు పరిమళయ్య. "నేను చెప్పలేదూ?"

"నేను తినలేదండీ," అన్నాడు ముత్తెన్న.

"అంత పోగు తిన్నవాడు తూలాలి," అన్నాడు పరిమళయ్య. "అడవంతా తూలుతోంది, నువ్వొక్కడివే నిటారుగా నిలబడ్డావు. అంటే ఎంత రాటుదేలావో తెలుస్తూనే ఉంది."

ఈ మాట అందరికీ చాలా సబబుగా తోచింది. దాలయ్య వెలివేత ప్రకటించడానికి లేచాడు. ఒకసారి లేచి కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు.

అప్పుడు పోలమ్మ ముందుకొచ్చింది. ఆవిడ ముళ్ళన్నీ లేచి ఉన్నాయి. "నేను నడవలేను. ఏటి దాకా పొమ్మంటే దారిలోనే పోతాను. పొమ్మనే ముందు ఒక్కటి చెయ్యండి. అందరి మూతులూ వాసన చూడండి. మా ఆయనది మొదట చూడండి. తరవాత మీవి."

"అది మర్యాద కాదమ్మా," అన్నాడు పరిమళయ్య. ఆయన నోరు తెరవగానే ఇప్పసారా వాసన గుప్పుమంది. ఆయన పుట్టిన తరవాత ఒంటి పరిమళం ఓడిపోవడం అదే మొదలు.

"రాసేసుకున్నాను," అన్నాడు పట్టాభి.

"కొట్టెయ్ ఆ మాట," అన్నాడు దాలయ్య.

"రాసుకున్నది కొట్టెయ్యను. మూతులు వాసన చూడాలి, అని ఉంది. మొదట ముత్తెన్నది." పట్టాభి వెళ్ళి వాసన చూశాడు. "నిద్ర వాసన. తరవాత అధ్యక్షులవారిది."

దాలయ్య మూతి పుట్టలో పెట్టుకున్నాడు. పుట్టలోంచి చీమలు తూలుకుంటూ బయటికొచ్చాయి.

బూరన్నకి ఏడుపొచ్చింది. ఇప్పపువ్వు కొందరి చేత నిజం చెప్పిస్తుంది. "నేను తిన్నాను," అన్నాడు. "మొదట గుప్పెడే. పై ఏనుగు చూడదని ఈయనే కదా చెప్పాడు. ముప్పై ఏళ్ళుగా ఆ పోగు పక్కనుంచి నడుస్తున్నాను. ఒక్క పువ్వు ముట్టుకోలేదు. నేను మంచివాణ్ణని అనుకున్నాను. కాదు, అది మిట్ట మీద ఉంది, అంతే."

ఆ తరవాత ఒక్కొక్కరే ఒప్పుకున్నారు. కొంగ ఒప్పుకోలేదు గానీ ఎక్కిళ్ళు వచ్చాయి. తాను తనిఖీ మాత్రమే చేశానన్నాడు దాలయ్య. ఎంత తనిఖీ చేశారని పట్టాభి అడిగితే, సగం అన్నాడు. మిగతా సగంలో తన భాగం ఎంతో పట్టాభి ఎవరూ అడగకముందే తానే రాసుకున్నాడు.

ఇక్కడితో అయిపోయేదే. కానీ జింక మాలచ్చి ఒక మాట అంది.

"మా పొదలోంచి కూడా ఆకాశం కనపడదు."

అందరూ ఆవిడ వైపు చూశారు.

"మీ గుహలోంచి కనపడుతుందా బూరన్నా? మీ తొర్రలోంచి, పరిమళయ్యగారూ? మన పిల్లలు పడుకునేదంతా కప్పు కిందే. ఇన్నాళ్ళూ పక్కింటి వాళ్ళు పై ఏనుగుకి జడిసి మన జోలికి రావడం లేదని నిద్రపోయాం."

ఒకరినొకరు చూసుకున్నారు. ముప్పై ఏళ్ళుగా ఒకే మడుగులో ఒకే కాలెత్తిన వాళ్ళు, ఒకరికొకరు రెండడుగులు దూరంగా జరిగారు. ఎక్కిన మత్తు దిగిపోయింది.

"పడుకున్నప్పుడు మన ఇళ్ళు ఎవరు చూస్తారు?" అన్నాడు బూరన్న.

చూపు పడని చోట, పులుస్తున్న పోగు పక్కన మూడు రోజులుండి ఒక్క పువ్వు ముట్టుకోనివాడు అడవిలో ఒక్కడే తేలాడు. అతను అప్పటికే ఆవలిస్తున్నాడు.

"ముత్తెన్న బాబూ," అన్నాడు దాలయ్య. బాబూ అనడం అదే మొదటిసారి. "ఇళ్ళకి నువ్వు కాపలా ఉండాలి."

"ముందు మా ఆవిడకి నీళ్ళు," అన్నాడు ముత్తెన్న.

దారి ఇచ్చారు. పోలమ్మ మడుగు దగ్గరికి వెళ్ళింది. ఎప్పటిలాగే కాలెత్తి, కళ్ళు మూసుకుంది. పది అయ్యింది. ఆవిడ కాలు దించలేదు. సభంతా నిలబడి చూసింది. ఇరవై దగ్గర దించి నీళ్ళు తాగింది.

"పదేగా లెక్క?" అన్నాడు పరిమళయ్య.

"రెండో పది ఆయనకండీ. ఎప్పటికైనా మనసు మారి ఆయన కూడా కాలెత్తాలని రోజూ మొక్కుకుంటున్నాను."

దాలయ్య ముఖం పాలిపోయింది. పరిమళయ్య చెవిలో ఏదో చెప్పాడు. పరిమళయ్య పట్టాభి చెవిలో చెప్పాడు. పట్టాభి రాసుకుని, పైకి చదివాడు.

"తీర్మానం. ముత్తెన్న కాలెత్తకుండానే నీళ్ళు తాగవచ్చు. ఎత్తితే మాత్రం మడుగుకి రానివ్వబడడు."

"పోలమ్మా, ఇంకొక్క మాట," అన్నాడు దాలయ్య, చాలా వినయంగా. "ఆ రెండో పది మానెయ్యి తల్లీ. పొరపాటున ఫలించిందంటే మా అందరి కొంపలూ గల్లంతు."

నీతి: భక్తులతో అడవి నిండిపోయినా ఫరవాలేదు గానీ, వాళ్ళ ఇప్పపూలు అప్పజెప్పడానికి ఒక్క నాస్తికుడైనా ఉండేలా చూసుకోవాలి.