బీప్ వచ్చిన వేళావిశేషం

బొమ్మ విమానం ఎగరడం పెద్ద గొప్పేం కాదు. ఎగరనంటూ బీప్ బీప్‌మని మొండికేయడమే అసలు గొప్ప! రిమోట్‌లో బ్యాటరీ హెచ్చరిక పెట్టిన మహానుభావుడు ఎవరో గానీ, ఆయన చల్లగా ఉండాలి.

నవ్వకండి. మైదానంలో ఎవరి విమానం చక్కగా ఎగురుతుందో, వాడి పక్కన ఎవరైనా నిలబడతారా? మెడ నొప్పెట్టేదాకా ఆకాశం చూసుకుంటూ ఒంటరిగా అఘోరించాల్సిందే. అదే బీప్ వచ్చిందనుకోండి, చుట్టూ జనమే జనం! పదకొండేళ్ల సంసారంలో దక్కని మర్యాద నాకు ఆ ఒక్క బీప్‌తో దక్కింది.

ఎనిమిది నెలలు భోజనాల బల్లను ఆక్రమించుకుని కట్టిన విమానం అది. మొన్న ఆదివారం మొదటిసారి ఎగరేద్దామని మా ఆవిడను కూడా వెంటబెట్టుకెళ్లాను. విమానంలోని బ్యాటరీ నిండా ఛార్జి చేశాను, అది పడిపోతేనే రిమోట్ మోగాలి. అయినా మోటారు తిప్పగానే చేతిలోని రిమోట్ బీప్‌మంది.

అంతే, మైదానంలో ఉన్న మా బొమ్మ విమానాల క్లబ్బు క్లబ్బంతా దిగిపోయింది. పళ్ల డాక్టరు వైర్ల కొసలను పంటిగార గీకినట్టు గీకాడు. రిటైరైన లెక్కల మాస్టారు వోల్టులు కొలిచి, కాగితం మీద ఏవో హెచ్చవేతలు వేసి, "రిమోట్ అబద్ధం చెప్తోందోయ్" అని తేల్చారు. ఇంకొకాయన స్పీకరు మీద టేపు అంటించమన్నాడు.

"ఆ బ్యాటరీ ఉబ్బిందండీ. సోమవారం నుంచీ చెప్తూనే ఉన్నా, మార్చేయండి అని" అంది మా ఆవిడ.

"నువ్వుండవే, పెద్దవాళ్లు చూస్తున్నారుగా!" అన్నాను.

చివరికి మాస్టారే దారి చూపించారు. మూడున్నర వోల్టులకు దిగితే బీప్ రావాలని సెట్టింగులో ఉంది కదా? దాన్ని మూడుకు దించేశారు! బీప్ ఆగిపోయింది. ఒకటే చప్పట్లు! జ్వరం తగ్గనప్పుడు థర్మామీటరును సర్దుకోవడం కన్నా సైన్సు ఇంకేముంటుంది?

విమానం లేచింది. రెండు నిమిషాలు స్వర్గం చూశాను. తర్వాత మోటారు ఆగిపోయింది. నేను ఎటు తిప్పినా వినకుండా అది నేరుగా వెళ్లి పళ్ల డాక్టరు కారు అద్దానికి గుద్దుకుంది. రెక్క ఒకచోట, తోక ఒకచోట. ఎనిమిది నెలల కష్టం ఒక్క సంచిలో పట్టేసింది. నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చింది.

అయినా మేమేమన్నా తక్కువ తిన్నామా? అక్కడికక్కడే మీటింగు పెట్టి, తప్పంతా రిమోట్ తయారుచేసినవాళ్లదేనని తీర్మానించాం. బీప్ ఆపుకునే సెట్టింగు మాలాంటి వాళ్ల చేతికి ఇవ్వడమేమిటి?

మా ఆవిడ మాత్రం ఇంటికి బయల్దేరుతూ ఒకే మాట అంది. "ఇక నేనేం చెప్పనులెండి."

హమ్మయ్య అనుకున్నాను. ఆ రోజు నుంచి నిజంగానే ఒక్క మాట లేదు. గీజరు స్విచ్చు, తాళంచెవులు, నా బీపీ మాత్ర, ఏదీ గుర్తుచేయడం లేదు. కంచం పెడుతుంది, వెళ్లిపోతుంది. భోజనాల బల్ల ఖాళీగా ఉంది. ఇల్లు ఎంతో ప్రశాంతంగా ఉంది.

ఇవాళ్టికి నాలుగో రోజు. బీప్ ఆగాక ఏమవుతుందో కళ్లారా చూసినవాణ్ణి కదా! అందుకే పొద్దున్నుంచీ వంటింటి గుమ్మంలో నిలబడి బతిమాలుకుంటున్నాను.

"ఏమేవ్, ఒక్కసారి తిట్టవే!"